ముసవ్విర్ జంగ్ రాజా దీన్‌దయాళ్

నగర యాత్రకు బయలుదేరే ముందు ఏ కెమెరా తీసుకొనిపోవాలి అన్న ప్రశ్న మన విద్యార్థులలో ప్రతి ఏటా తలెత్తుతూనే ఉంటుంది. జి.మాడుగుల నుండి పాడేరు ఘాట్ దిగి, చోడవరం, అనకాపల్లి మీదుగా పోయి రైలెక్కి హైదరాబాదు చేరవలసినవారికి బట్టల సంచి సర్దుకోవడం పెద్ద పని కాదు. కెమెరా సంగతి వచ్చేసరికి మాత్రం వాదోపవాదాలు మొదలవుతాయి. పెద్ద కెమెరాతోపాటు రెండు మూడు కటకాలు, స్టాండు లేనిదే చార్మినార్‌కు న్యాయం జరగదని ఒకరంటారు. జేబులోని ఫోను చాలదా, ఈ బరువంతా ఎవరు మోస్తారని వేరొకరంటారు. తెల్లవారుజామున మన కొండల చలిలో నుండి దిగి మైదానపు ఉక్కపోతలో కెమెరా తెరిచినవారికి కటకంపై తేమ కమ్ముకొని ఏమీ కనిపించకపోవడం కూడా అనుభవమే.

ఈ వ్యాసకర్త కూడా ఒకప్పుడు స్నేహితుని వద్ద అరువు తెచ్చిన కెమెరాతో, మూడు కటకాలతో చార్మినార్ ముందు నిలబడినవాడే. ఒక అత్తరు వ్యాపారి చిన్న సీసా మూత తీసి మనుమరాలి ముక్కు దగ్గర పెట్టగా, ఆ పాప కళ్ళు మూసుకొని నవ్విన దృశ్యం ఎదురుగా జరిగిపోయింది. నేను ఆ సమయంలో కటకం మార్చుకుంటూ ఉన్నాను. ఆ చిత్రం నా వద్ద లేదు. ఆ రాత్రి బసలో కూర్చున్నప్పుడు, ఇదే నగరంలో నూరేళ్ళకు పైబడి క్రిందట మణుగుల బరువున్న సామగ్రితో తిరిగి, లోకం మెచ్చిన చిత్రాలు తీసిన మహనీయుడొకరు ఉండేవారు కదా, ఆయన ఏమి ఎంచుకొన్నారు, ఏమి వదులుకొన్నారు అన్న ఆలోచన కలిగింది. ఆయనే రాజా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ జిల్లాలోని సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. సర్ధానా అనగానే చరిత్ర విద్యార్థులకు బేగం సమ్రూ గుర్తుకు రాగలదు. ఆమె పరిపాలించిన పట్టణమది. దీన్‌దయాళ్ పుట్టేనాటికి ఆమె కాలగతి చెంది 8 సంవత్సరాలయింది. వారిది నగల వర్తకుల వంశమైనా కుమారుడు ఆ వృత్తిలో ప్రవేశించలేదు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో దిగువ శ్రేణి తరగతిలో చదివి, 1866లో ఉత్తీర్ణులై, అదే సంవత్సరం ఇందూరులోని మరమ్మతు శాఖ కార్యాలయంలో అంచనాలు వేసే ఉద్యోగిగా, నకలుదారుగా చేరారు. కట్టడాల పటాలు గీయడం, ఖర్చుల లెక్కలు కట్టడం ఆయన దినచర్య. చూడబోతే సామాన్యమైన ఉద్యోగమే. కాని గోడ నిలువుగా ఉన్నదా, కమాను కొలత సరిగా ఉన్నదా అని కంటితోనే తూచగల నేర్పు ఆయనకు ఆ బల్ల దగ్గరే అలవడి ఉండాలి. ఆయన తీసిన భవనాల చిత్రాలలో ఇంజనీరు దృష్టి స్పష్టంగా కనిపిస్తుంది.

1874లో, 30 ఏళ్ళ వయస్సులో, ఆయన కెమెరా చేతబట్టారు. అది తీరిక వేళల అభిరుచిగానే మొదలయింది. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ, ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు ఆ సందర్భపు చిత్రాలు తీసే అవకాశం లభించింది. ఉద్యోగం ఉద్యోగంగానే సాగుతున్నది, కెమెరా కెమెరాగానే సాగుతున్నది.

ఆనాటి ఛాయాగ్రహణం ఎట్టిదో నేటి విద్యార్థులు ఊహించుకోవడం కష్టం. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి పలక పద్ధతి అప్పటికి లోకమంతటా వాడుకలో ఉండేది. ముందుగా గాజు పలకను మచ్చ లేకుండా తుడవాలి. దానిపై కొలోడియన్ అనే జిగురు ద్రావణాన్ని పలుచగా, సమంగా పారించాలి. పిమ్మట చీకటి గుడారంలో వెండి నైట్రేటు ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో బిగించి చిత్రం తీసి, తిరిగి గుడారంలోనికి పరుగెత్తి కడగాలి. ఈ తతంగమంతా 10, 15 నిమిషాలలో ముగియాలి. కొలోడియన్‌లో ఈథరు ఉంటుంది కనుక మన దేశపు ఎండలో అది మరింత త్వరగా ఆవిరైపోతుంది. ధూళి రేణువొకటి పడితే పలక పాడైనట్లే. శుభ్రమైన నీరు దొరకని చోట పని సాగదు. అనగా ఒక కోట చిత్రం కావాలంటే కెమెరా, స్టాండు, కటకాలు మాత్రమే కాక గాజు పలకల పెట్టెలు, మందుల సీసాలు, తొట్లు, నీటి కుండలు, గుడారం, వాటిని మోసే మనుషులు, బండ్లు అన్నీ కొండ ఎక్కాలి.

ఇంత బరువు ఎందుకు అని ఎవరైనా అడుగవచ్చు. కారణమున్నది. చిన్న చిత్రాన్ని పెద్దదిగా చేసుకొనే సౌకర్యం ఆ రోజులలో లేనట్లే. గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని గాజు పలకకు ఆనించి ఎండలో ఉంచితే చిత్రం దిగేది. కనుక పలక ఎంత ఉంటే చిత్రం అంతే. మహారాజుల ఆల్బములలో పొందుపరచడానికి 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు గల చిత్రం కావలసివస్తే అంత గాజు పలకనే మోసుకుపోవాలి, దానికి తగిన కెమెరానే చేయించుకోవాలి. సామగ్రి ఎంపిక సరదాతో ముడిపడినది కాదు. చివరకు ఆ చిత్రం ఎవరి చేతికి ఏ రూపంలో చేరుతుందో తెలిసిన తరువాతనే కెమెరా కొలత నిర్ణయమయ్యేది. నేడు మనం ముందు కెమెరా కొని, తరువాత ఏమి తీయాలా అని వెదుకుతున్నాము. నా అరువు కెమెరా కథ అదే.

1882లో డేలీ తరువాతివాడైన సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండ్ పర్యటనకు బయలుదేరుతూ దీన్‌దయాళ్‌ను వెంట తీసుకుపోయారు. గ్వాలియరు కోట, సాంచీ స్తూపం మొదలైన పురాతన కట్టడాల చిత్రాలు ఆ కాలంలో తీసినవే. అవి 1886లో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలను గూర్చిన గ్రంథంగా గ్రిఫిన్ వ్యాఖ్యతో వెలువడినాయి. ఈలోగా ఛాయాగ్రహణంలో ఒక గొప్ప మార్పు వచ్చింది. 1871లో మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు సూచించిన జెలటిన్ పొడి పలకలు 1880 నాటికి కర్మాగారాలలో తయారై అంగళ్ళకు వచ్చాయి. ఇంటి వద్దనే పలకలు కొని పెట్టెలో సర్దుకోవచ్చు. చిత్రం తీసిన కొన్నాళ్ళకు తీరికగా కడుగుకోవచ్చు. చీకటి గుడారం బరువు తగ్గింది. అంతకంటె ముఖ్యం, రెప్పపాటులో చిత్రం తీసే వీలు కలిగింది. కదలని కోటల నుండి కదిలే గుర్రాలకు, సైనిక విన్యాసాలకు, ఊరేగింపులకు కెమెరా తిరిగింది ఈ మార్పు వల్లనే.

ఇక ఆయన జీవితంలో అతి కఠినమైన నిర్ణయం. 1885లో ఆయన వైస్రాయి డఫరిన్ ప్రభువునకు ఛాయాగ్రాహకులుగా నియమితులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 41. భార్యాబిడ్డలు గల గృహస్థు. 19 సంవత్సరాల సర్కారు కొలువు, నెల నెలా తప్పని జీతం ఒక వైపు. గాజు పలకలు, మందులు, నౌకరులు, అద్దె గదుల ఖర్చు, రాజుల దయాదాక్షిణ్యాలపై ఆధారపడే రాబడి మరొక వైపు. ఆయన తొందరపడలేదు. మొదట దీర్ఘకాలపు సెలవు పెట్టి వృత్తిని పరీక్షించి చూచారు. నిలువగలననే ధైర్యం కలిగిన తరువాతనే కొలువును పూర్తిగా విడిచిపెట్టారు. కళాకారుడన్నవాడు అన్నీ తృణప్రాయంగా విసరివేసి పోతాడని మనం కథలలో చదువుతాము. అంచనాలు వేసే ఉద్యోగి మాత్రం తన జీవితానికి కూడా అంచనా వేసుకొన్నారు. ఇందులో నాకు తక్కువతనమేమీ కనిపించదు.

హైదరాబాదు ఆయనకు రెండవ జన్మభూమి అయింది. వాడీ నుండి సికింద్రాబాదుకు రైలు మార్గం వేసినది 1874లో, అనగా ఆయన కెమెరా పట్టిన ఏటనే. బొంబాయి రేవులో దిగిన గాజు పలకలు, కటకాలు ఎద్దుబండ్ల కుదుపులు లేకుండా దక్కనుకు చేరడానికి ఆ దారి ఎంతగా ఉపకరించిందో చెప్పనవసరం లేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1866లో జన్మించారు. దీన్‌దయాళ్ ఇందూరులో కొలువుకు చేరినదీ ఆ సంవత్సరమే. పూర్తి అధికారాలు చేపట్టి ఎంతో కాలం కాని ఆ యువ ప్రభువు, తనకంటె 22 ఏళ్ళు పెద్దవారైన ఈ ఛాయాగ్రాహకుని ఆదరించి, ఆస్థానంలో స్థానమిచ్చారు. 1880ల మధ్యలో సికింద్రాబాదులో దీన్‌దయాళ్ చిత్రశాల వెలసింది. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ ఆయనకు తోడ్పడినారు. 1894లో నిజాం ప్రభువు ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రసాదించారు. ఉర్దూ విద్యార్థులకు ఈ మాట విప్పి చెప్పవలసిన పని లేదు. తెలుగు విద్యార్థుల కొరకు చెబుతున్నాను. సూరత్ అనగా రూపం, తస్వీర్ అనగా చిత్రం, ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఈ మూడూ ఒకే అరబ్బీ ధాతువు నుండి వచ్చినవి. జంగ్ అనగా యుద్ధం. కత్తి పట్టని యోధుడన్న మాట.

హైదరాబాదు నగరం ఛాయాగ్రాహకునికి పెట్టే పరీక్ష ఏమిటో చార్మినార్ ముందు నిలబడి కెమెరా పైకెత్తి చూచినవారికి తెలుసు. ఎత్తైన మీనారులు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు మరొకటి వాలిపోయినట్లు చిత్రంలో పడతాయి. కెమెరాను పైకి వంచడమే దీనికి కారణం. ఆనాటి పెద్ద పలక కెమెరాలలో ఒక సౌకర్యం ఉండేది. వెనుక పలకను నిట్టనిలువుగానే ఉంచి, ముందున్న కటకపు చట్రాన్ని మాత్రం పైకి జరుపవచ్చు. గోడలు వాలవు, మీనారులు చక్కగా నిలుస్తాయి. సరళరేఖలను వంచకుండా చూపే కటకాలు 1866 నుండి లభిస్తున్నాయి. మనుషుల ముఖాలకు వేరు కటకం, కట్టడాలకు వేరు కటకం వాడేవారు. చార్మినార్, చౌమహల్లా, ఫలక్‌నుమా, బషీర్‌బాగ్ భవనాలు ఆయన చిత్రాలలో నకలుదారు గీసిన పటాలంత నిక్కచ్చిగా నిలబడి ఉండడంలోని కిటుకు ఇదే. ఫోనులో ఈ పని కావలసినవారు కాస్త దూరంగా వెనుకకు జరిగి, ఫోనును వంచకుండా పట్టుకొని, క్రింద మిగిలిన నేలభాగాన్ని తరువాత కత్తిరించుకొంటే ఆయన చట్రానికి దగ్గరి ఫలితమే వస్తుంది.

1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడాక్ కెమెరాను విడుదల చేశారు. చేతిలో ఇమిడే చిన్న పెట్టె. అందులో చుట్టచుట్టిన ఫిల్ముపై 100 చిత్రాలు వరుసగా తీయవచ్చు. స్టాండు లేదు, గాజు లేదు, మందులు లేవు. అయితే చిత్రం రెండున్నర అంగుళాల వలయం మాత్రమే. యాత్రికులకు అది వరప్రసాదమయింది. దీన్‌దయాళ్ వంటివారికి అది పనికిరాలేదు. ఆయన చిత్రశాల నుండి మనకు సంక్రమించినవి గాజు పలకలే. తేలికైన వస్తువు వచ్చినంత మాత్రాన దానిని పట్టుకోలేదు, బరువైనది గొప్పదని కూడా పట్టుకోలేదు. దర్బారులో వరుసలు తీరిన వందమంది ఉమరావుల ముఖాలు, తలపాగాలు, పతకాలు ఒక్కొక్కటిగా తెలియాలంటే పెద్ద పలక తప్పదు. అదే ఆయన తర్కం అయి ఉండాలి.

ఆయన సామగ్రి ఎంపికలో నాకు అన్నింటికంటె విశేషంగా తోచేది కెమెరా కాదు, గోడ. 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో నెలకొల్పారు. ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చుని చిత్రం తీయించుకోవడం జరగని పని. ఆయన ఎత్తైన గోడలు కట్టించి, లోపల అంతా స్త్రీలే ఉండే ఏర్పాటు చేసి, శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితకు ఆ చిత్రశాల బాధ్యత అప్పగించారు. పల్లకీ లోపలికే పోతుంది, లోపలనే దిగుతారు. ఎంతో మంది తల్లులు, బిడ్డల రూపాలు ఆ గోడల చాటున గాజు పలకల మీదికి ఎక్కాయి. తాను ఎన్నడూ కంటితో చూడబోని చిత్రాల కొరకు ఒక ఛాయాగ్రాహకుడు ఖర్చు పెట్టి కట్టడం కట్టించారంటే, ఆయనకు తన కన్ను మీదకంటె కూర్చునేవారి మర్యాద మీద ఎక్కువ పట్టింపు ఉన్నదని గ్రహించాలి. వ్యాపార దృష్టి కూడా ఉన్నది, లేదనను. ఇవి రెండూ ఒకే మనిషిలో ఉండరాదా?

గౌరవాలు వెంట వచ్చాయి. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమానం లభించింది. 1897లో విక్టోరియా మహారాణి ఛాయాగ్రాహకులుగా నియామకం పొందారు. 1896లో బొంబాయిలో మరొక చిత్రశాల తెరిచారు. ఆ నగరంలో మహమ్మారి ప్లేగు ప్రవేశించింది సరిగ్గా ఆ ఏడే. మూడు చోట్ల చిత్రశాలలు, వందలాది ఆల్బములు, పదుల సంఖ్యలో పనివారు. ఇంతటి సంస్థను నిలబెట్టుకోవడం రాజుల ఆదరణ లేనిదే సాధ్యం కాదు. ఆ ఆదరణకు మూల్యం కూడా ఉన్నది.

ఔరంగాబాదు ప్రాంతంలో 1895 నుండి 1902 వరకు నిజాం ప్రభుత్వం చేపట్టిన ప్రజోపకార కార్యాలను ఆయన సంస్థ చిత్రించింది. వాటిలో కరవు సహాయ చిత్రాలున్నాయి. 1899-1900 నాటి క్షామం దక్కనును దహించిన సంగతి చరిత్ర పాఠంలో చదివినదే. ప్రభుత్వం చేసిన మేలును చూపడానికి తీయించిన చిత్రాలవి. కనుక ఆకలిగొన్నవారు కూడా ఏర్పాటు ప్రకారం వరుసగా నిలబడి, కూర్చుని ఉంటారు. దర్బారు చిత్రాలలో ఉమరావులు ఎంత క్రమంగా ఉంటారో వీరూ అంతే. ఆ పెద్ద గాజు పలక మాత్రం ఎవరి పక్షమూ వహించలేదు. పతకాన్ని ఎంత స్పష్టంగా చూపిందో ప్రక్కటెముకను అంత స్పష్టంగా చూపింది. చిత్రం తీయించినవారు తమ దాతృత్వాన్ని చూచుకొన్నారేమో. మనం నేడు ఆ మనుషులను చూస్తున్నాము.

1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్లు సమీపంలోని నెక్కొండ అడవులలో వేట జరిగింది. చచ్చిపడిన పులితో కర్జన్ దంపతులు నిలబడిన చిత్రం దీన్‌దయాళ్ చిత్రశాలదే. మరుసటి సంవత్సరం ఢిల్లీలో జరిగిన దర్బారును కూడా చిత్రించారు. అదే ఆయన చివరి పెద్ద పని అనవచ్చు. కుమారులలో ధరమ్‌చంద్ తండ్రి కళ్ళముందే మరణించారు. ఆ దుఃఖంతోనే దీన్‌దయాళ్ 1905 జూలై 5న బొంబాయిలో పరమపదించారు. అప్పటికి ఆయనకు 61 సంవత్సరాలు. ఆదరించిన మహబూబ్ అలీ ఖాన్ మరి ఆరేళ్ళు జీవించి 1911లో కన్నుమూశారు.

సికింద్రాబాదులో వారసులు చిత్రశాలను కొనసాగించారు. చిన్న కెమెరాలు ఇంటింటికీ చేరిన కొద్దీ పెద్ద పలకలతో పని తగ్గింది. బీరువాలలో, పెట్టెలలో గాజు పలకలు మిగిలాయి. ఒక్కొక్క పలక బరువు ఏమంత చిన్నది కాదు, ఒక్క దెబ్బకు పగిలిపోయే వస్తువు. అయినప్పటికీ తరాల పాటు వాటిని ఎవరో ఒకరు జాగ్రత్తపెట్టారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వాటిలో 2,857 నెగటివులను సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర ఒక బిళ్ళ విడుదల చేసింది. ఈసారి హైదరాబాదు వెళ్ళే విద్యార్థులు చౌమహల్లా ప్రాసాదానికి తప్పక వెళ్ళండి. అక్కడి పాత ఛాయాచిత్రాలలో ఒకదాని ముందు నిలబడి, తలపాగా అంచున జరీ పోగులు లెక్కపెట్టడానికి ప్రయత్నించండి. ఫోను కాసేపు జేబులోనే ఉండనివ్వండి.